బొంతల గదిలో టవర్ స్పీకర్లు

పాప ఇంటికొచ్చిన మొదటి ఏడాది మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేయలేదు. పప్పు నానబెట్టి గిన్నెలో ఉడికించేదాన్ని, అన్నం వార్చేదాన్ని. మిక్సీ అటకెక్కింది. పచ్చడి చేయాలంటే కిందికి వెళ్ళి, ఇంటి ఓనరు ఆంటీ రోట్లో నూరుకుని వచ్చేదాన్ని. కాలింగ్ బెల్ తీగ మా ఆయన చేత పీకించి, తలుపు మీద "మెల్లగా తట్టండి" అని కాగితం అంటించాను. మెల్లగా తట్టినా ఉలిక్కిపడేది నేనే.

పాప నెలలు నిండకుండా పుట్టింది. చాలా రోజులు ఆసుపత్రిలో గాజుపెట్టెలో, మోగే మిషన్ల మధ్య ఉంది. ఇంటికి తెచ్చాక ఏ చిన్న చప్పుడైనా రెండు చేతులూ పైకి లేచిపోయేవి. తరవాత ఏడుపు. ఆ ఏడుపులో ఊపిరి ఆగి పెదవులు నల్లబడేవి. ఒకసారి అది చూశాక నేను చప్పుడు మీద పగబట్టాను.

పగబట్టిన చోటు మాత్రం ఫిల్మ్‌నగర్. మాది షేక్‌పేట వైపు దిగే వీధిలో పై వాటా. మా ఆయనది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయనలాంటి వాళ్ళు రోజూ ఊళ్ళోకి దిగుతున్నారు, వాళ్ళకి ఇళ్ళు కావాలి. ఇల్లు కట్టాలంటే మా వైపు ముందు రాయి పోవాలి. ప్రతి ప్లాటులోనూ ఏనుగంత రాయి ఉండేది. పొద్దున్నుంచి కంప్రెసర్‌తో దానికి బెజ్జాలు వేసి మందు కూరుతారు. మధ్యాహ్నం ఒకతను ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడి ఈల వేస్తాడు. తరవాత నేల లోపల్నుంచి ఒక గుద్దు. గిన్నెల స్టాండులో పళ్ళేలు కదులుతాయి.

అందుకని వెనక గదికి బొంతలు కట్టాను. అమ్మ పాత చీరలతో కుట్టి పంపినవి, అత్తగారు ఇచ్చినవి, చాలక రాత్రులు నేనే కుట్టినవి. నాలుగు గోడలకీ మేకులు కొట్టి వేలాడదీశాను, కిటికీకి అన్నిటికన్నా మందంగా ఉన్న బొంత. మేకులు కొడుతున్నంతసేపూ పాపని కిందింటి ఆంటీ దగ్గర ఉంచాను. ఆ గదిలో బయటి లోకం నీళ్ళ అడుగునుంచి వినిపించినట్టు ఉండేది. పాపా నేనూ అందులోనే బతికాం. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, చెప్పులు మెట్ల మీదే విడిచి, పిల్లిలా నడిచి వచ్చి గుమ్మంలో నిలబడేవారు. పెళ్ళికి ముందు ఆయన గదిలో మంచం కన్నా పాటల కేసెట్లే ఎక్కువ చోటు తీసుకునేవట. ఇప్పుడు మేడ మీదికెళ్ళి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని వినేవారు.

ఒకరోజు ఆంటీ మెట్ల మీదనుంచే కబురు చెప్పింది. ఆవిడది షేక్‌పేట పాత ఊరు, మనిషి మంచిదే కానీ గొంతుకి తగ్గించడం తెలియదు.

"బిడ్డా, మన పక్క ప్లాటు అమ్ముడువోయింది. గా పెద్ద గుండు ఉన్నది సూడు, దసరా అయినంక పగలగొడ్తరంట."

"మన గోడ పక్కన ఉన్న రాయా ఆంటీ?"

"గదే. ఫికర్ చెయ్యకు. నా చిన్నప్పటిసంది ఎన్ని గుండ్లు పగలగొట్టిండ్రో. మేం బతకలే?"

ఆ సాయంత్రం అటక మీదనుంచి సూట్‌కేసు దింపాను. దసరా లోపు పాపని తీసుకుని గోదావరి పక్క మా అమ్మగారింటికి వెళ్ళిపోతాను, పక్క ఇల్లు లేచి తలుపులు పెట్టేదాకా రాను అన్నాను. ఏడాది పడుతుందో, ఇంకా ఎక్కువో.

"ఏడాది తరవాత నన్ను చూసి ఎవరో అంకులొచ్చారని ఏడుస్తుందేమో," అన్నారు మా ఆయన నవ్వబోతూ. నవ్వు సరిగా రాలేదు.

వెళ్ళేముందు ఒకసారి చూపించుకుందామని బంజారా హిల్స్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పాప చెవుల వెనక ఏవేవో మోగించి, కాగితాలు చూసి, చెవులు చాలా బాగున్నాయన్నారు. నేను మా ఇంటి పద్ధతులన్నీ చెప్పాను, మెచ్చుకుంటారనే అనుకున్నాను.

"అమ్మా, మీరు చప్పుడే లేకుండా చేశారు. ఇప్పుడు పాపకి గరిటె కింద పడినా పిడుగే. రోజూ కొంచెం కొంచెంగా వినిపించండి, బాగుండే చప్పుడుతో మొదలుపెట్టండి."

"మా ఊరు తీసుకెళ్తున్నానండి. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది."

"మీ ఊళ్ళో కోళ్ళు కూయవా?" అన్నారాయన.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన మెల్లగా మొదలుపెట్టారు. "పాటలతో మొదలుపెడదాం. టవర్ స్పీకర్లు కొందాం."

టవర్ స్పీకర్లంటే నేల మీద నిలబెట్టేవి, నా భుజం దాకా వచ్చేవి. నాకు ఆయన మతి పోయిందనిపించింది.

"గరిటె చప్పుడుకి భయపడే పిల్లకి బీరువా అంత స్పీకర్లా?"

"గట్టిగా మోగించడానికి కాదు. చిన్న డబ్బాలు చిన్నగా పెడితే గీచినట్టుంటుంది. పెద్దవాటిలో ఎంత తగ్గించినా పాట నిండుగా ఉంటుంది. కొత్తవి కాదులే, ఎవరైనా వాడినవి చూద్దాం. నువ్వే ఎంచు. నువ్వు వద్దంటే వద్దు."

దసరా వరకే అన్నాను. అప్పటికి పాప తట్టుకోలేకపోతే రైలెక్కుతాను. ఆయన తలూపారు.

మొదట బంజారా హిల్స్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గరికి వెళ్ళాం. స్పీకర్లు సన్నగా, పొడుగ్గా, అద్దంలా మెరుస్తున్నాయి. మా ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. నేను వెళ్ళి ఒకదాన్ని పైన వేలితో తోశాను. అది ఊగింది.

"మేడమ్, స్పీకర్‌ని అలా తొయ్యకూడదండీ!" అమ్మే ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"మా పాప తోస్తుందండీ. అది ఇప్పుడే నిలబడుతోంది. దేన్ని పట్టుకుంటుందో చెప్పలేం."

"వింటే కదండీ తెలిసేది."

"పడితే కూడా తెలుస్తుంది కదండీ," అన్నాను. మా ఆయన కళ్ళు తెరిచి, ఇంక వెళ్దాం అన్నట్టు చూశారు.

రెండో జత మా వీధికి రెండు మలుపుల అవతలే దొరికింది. అమ్మేది ఒక డబ్బింగ్ ఆర్టిస్టు. ఎందరో హీరోయిన్లకి గొంతిచ్చి, వయసు పెరిగాక తల్లులకీ అత్తలకీ గొంతిచ్చి, ఇప్పుడు మానేసి చిన్న ఫ్లాటుకి మారుతున్నారు. తలుపు తీసి "రండమ్మా" అన్నారో లేదో, ఆవిణ్ణి ఎప్పట్నుంచో ఎరిగున్నట్టు అనిపించింది. నా చిన్నప్పుడు ఊళ్ళో సినిమా హాల్లో నన్ను ఏడిపించిన గొంతుల్లో సగం ఆవిడవే అయ్యుండాలి.

స్పీకర్లు గోధుమరంగు చెక్కతో, వెడల్పుగా, అడుగు బరువుగా ఉన్నాయి. రెండు చేతులతో తోశాను. కదల్లేదు. భుజం ఆనించి తోశాను.

"అమ్మాయ్, కొంటావా, కుస్తీ పడతావా?" అన్నారావిడ.

మా ఆయన స్పీకరు ముందున్న గుడ్డ తెర ఊడదీసి, లోపల శంకులా ఉన్న పెద్ద కాగితాన్ని వేళ్ళతో నాలుగు వైపులా సమానంగా నొక్కి, లోపల గీచుకుంటోందేమో విన్నారు. అంచు రబ్బరు గట్టిపడిందేమో చూశారు. కుడివైపు దానిలో, పైన ఉండే చిన్న గుండీలాంటి స్పీకరు లోపలికి సొట్టపడి ఉంది.

"అది మావాడి వేలు," అన్నారావిడ. "రెండేళ్ళప్పుడు నొక్కి చూశాడు. ఇప్పుడు వాడికి గడ్డం. ఆ సొట్టకి పాటేం చెడలేదు, కావాలంటే వినండి."

మా ఆయనకి ఆ సొట్ట నచ్చలేదు. నాకు అదే నచ్చింది. ఈ స్పీకర్ల చుట్టూ ఒక పిల్లాడు పాకి, నిలబడి, వేలు పెట్టి పెరిగాడు. అవి వాడి మీద పడలేదు.

గొంతు ఒక్కటే ఉన్న పాట పెట్టమని మా ఆయన అడిగారు. వెనక తంబూరా, ముందు ఒక ఆడగొంతు. వీధిలోకి కూడా వినిపించనంత చిన్నగా పెట్టారు. పాట మొదలవకముందే నాకు ఒకటి వినిపించింది. పాడబోయే మనిషి తీసుకున్న ఊపిరి. ఆసుపత్రిలో గాజుపెట్టె పక్కన కూర్చుని అన్నాళ్ళూ నేను విన్నది అదొక్కటే, చిన్న ఊపిరి, వస్తోందా లేదా అని. ఇంత చిన్నగా పెట్టినా ఊపిరి వినిపిస్తోందంటే వీటికి అరవడం అవసరం లేదు.

"ఇవి తీసుకుందాం," అన్నాను.

ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చి మెట్లెక్కించేసరికి ఆంటీ కుంకుమ భరిణె పట్టుకుని పైన తయారుగా ఉంది. రెండింటికీ నెత్తిన బొట్లు పెట్టింది. తరవాత గది మధ్యలో నిలబడి దిక్కులు చూసింది.

"బరువు నైరుతిలనే ఉండాలె. నా ఇంట్ల గట్లనే."

"రెండూనా ఆంటీ?"

"రెండూ బరువే గద."

అద్దెకుండే వాళ్ళం, ఏమంటాం. పైగా నా మనసులోనూ ఎక్కడో ఆ మాట నిజమే అనిపించింది, పాప విషయంలో ఏ దిక్కునీ కోపగించుకునే ధైర్యం నాకు లేదు. బొంతల గది నైరుతి మూలలో రెండు స్పీకర్లనీ భుజాలు రాసుకునేలా దూర్చాం. మా ఆయన తన పాత ఆంప్లిఫయర్‌ని ఒక ముక్కాలిపీట మీద పెట్టి అదే పాట వేశారు.

ఆ మూలలోంచి వచ్చింది పాట కాదు. తంబూరా నూతిలో తిరిగే మోటారులా బుంయ్ మంది. పైన ఆ ఊపిరి లేదు, మాటల అంచుల్లేవు, అంతా బొంతలు తాగేశాయి. నా ఒళ్ళో పాప చేతులు పైకి లేచాయి. ఆయన పరిగెత్తి ఆపేలోపు ఏడుపు మొదలై, ఊపిరి ఆగే దాకా పోయి వచ్చింది. ఆ రోజు నేను పాప గౌన్లు సూట్‌కేసులో సర్దాను. ఆయన చూసి కూడా ఆపలేదు.

మర్నాడు డబ్బింగ్ ఆవిడ వచ్చారు. స్పీకర్ల గుడ్డ తెర ఒకటి తన దగ్గరే ఉండిపోయిందట. బొంతల గదిలోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయారు.

"వాటినేం చేశావమ్మాయ్? కొత్త కోడళ్ళని మూల కూర్చోబెట్టినట్టు..." అంటూ లోపలికి వచ్చారు. రెండడుగులు వేయగానే మాట ఆపి, గోడల వంక చూసి, గొంతు తగ్గించారు. "ఓహో. డబ్బింగ్ థియేటర్ కట్టావన్నమాట."

"అంటే?"

"మేం మాట్లాడే గది ఇలాగే ఉంటుంది. గోడలకి దళసరి గుడ్డలు, మాట నోట్లోంచి ఊడి కింద పడిపోతుంది. మైకుకి అది మంచిదే. మనిషికి కాదు. పొద్దున్నుంచి అందులో ఏడ్చి ఏడ్చి, టీకని బయటికొచ్చి కాకి అరుపు వింటే ప్రాణం లేచొచ్చేది నాకు. అందులోకి రోజూ వెళ్ళొస్తేనే బయట స్కూటరు మోగినా ఉలిక్కిపడేదాన్ని. ఈ పిల్ల పాపం అందులోనే ఉంటోంది."

నేను బొంత అంచు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఆవిడ అది చూసి, నా వైపు కాకుండా పాప వైపు తిరిగి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పసిపిల్ల గొంతుతో చాలా మెల్లగా ఉంగా ఉంగా అన్నారు. తెర మీద పుట్టిన ఎందరు పిల్లలకి ఆవిడ ఏడ్చారో! పాప నోరు తెరుచుకుని చూసింది. ఇంత పెద్ద మనిషిలోంచి ఆ గొంతు ఎలా వస్తోందా అని ముందుకు వంగి చెంగు లాగింది.

"ఒక్క బొంత తీసి చూడు," అన్నారావిడ వెళ్ళబోతూ. "ఒక్కటే. ఏది తీయాలో నువ్వే చెప్పు. వాటిని మాత్రం ఆ మూలనుంచి బయటికి తీసుకురండి, మీకు దణ్ణం పెడతాను."

మూల సంగతి ఆంటీతో చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. అంతా విని, చాట పక్కన పెట్టి ఆలోచించింది.

"బరువు ఉండాలె, అంతే గద. స్పీకర్లే ఉండాల్నని ఏముంది? నా రోలు తీస్కపో. దానికన్న బరువేమున్నది?"

అలా ఆవిడ రోలు, మా ఆయనా ట్రాలీ ఆటో అతనూ మోసుకొస్తే, బొంతల గది నైరుతిలోకి వచ్చింది. దానికీ ఆంటీ బొట్టు పెట్టింది. ఆ రోజునుంచి పచ్చడి నూరడానికి నేను కిందికి వెళ్ళక్కర్లేకపోయింది, ఆంటీయే పైకి వచ్చేది.

స్పీకర్ల వెనక గోడకున్న బొంత మొదట తీశాను. మా ఆయన మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను స్పీకర్లని పాత దుప్పటి మీద పెట్టి లాగేదాన్ని. గోడకి దగ్గరైతే తంబూరా ఉబ్బేది, మరీ ముందుకు లాగితే బక్కచిక్కేది. రెండింటి మధ్యా దూరం పెంచితే పాట చెరో వైపుకి చీలిపోయేది. మంచం ఎంత దూరంలో ఉందో అవీ ఒకదానికొకటి ఇంచుమించు అంతే దూరంలో ఉండేలా జరిపి, ముఖాలు కొంచెం లోపలికి తిప్పాం. పాపని ఆంటీ ఎత్తుకుని గుమ్మంలో నిలబడేది. ఏడిస్తే వెంటనే బయటికి తీసుకుపోవాలని ఒప్పందం.

"జర ఇటు జరుపు," అని ఆంటీ కూడా చెప్పడం మొదలుపెట్టింది.

"మీకేం తెలుస్తుంది ఆంటీ?" అన్నారు మా ఆయన.

"పిల్ల మొకం నాకు కనవడ్తున్నది. నీకేం కనవడ్తున్నది?"

అది నిజం. ఆ తరవాత మేం పాప ముఖం చూసే జరిపాం. ఒక సాయంత్రం ఉన్నట్టుండి గొంతు రెండు స్పీకర్లనీ వదిలి వాటి మధ్య ఖాళీలోకి వచ్చి నిలబడింది. అక్కడ ఎవరో నిలబడి పాడుతున్నట్టే. ముందు ఆ ఊపిరి, తరవాత పాట. పాప ఆంటీ చంకలోంచి దిగిపోయి, తప్పటడుగులు వేసుకుంటూ ఆ ఖాళీ దగ్గరికి వెళ్ళింది. మనిషి లేదు. స్పీకరు వెనక్కి వెళ్ళి వెతికింది. అక్కడా లేదు. వచ్చి నా వైపు చూసింది, నేనే ఎక్కడో దాచేసినట్టు.

తరవాత ఎడమ గోడ బొంత తీశాం. పాట విప్పారింది, దానితోపాటు వీధిలో కూరగాయల బండి అరుపూ లోపలికి వచ్చింది. పాప చేతులు లేచాయి కానీ ఏడుపు రాలేదు. ఇంకొన్నాళ్ళకి తలుపు పక్కది. ఒక్కో బొంత తీసిన రోజు నాకు నిద్ర పట్టేది కాదు, పాప పక్కన చెవి పెట్టి పడుకునేదాన్ని. పాపే ఎప్పటికన్నా బాగా పడుకునేది.

ఆంప్లిఫయర్ మీద వాల్యూమ్ నాబ్ వెండిరంగులో మెరిసేది. పాప దాని మీద పడింది. వద్దని నేను పరిగెత్తాను. ఒక్కసారిగా గట్టిగా మోగితే ఇన్నాళ్ళు చేసిందంతా పోతుంది.

"ఉండనీ," అన్నారు మా ఆయన. నాబ్ పెద్దవైపు తన వేలు అడ్డం పెట్టి పాపని తిప్పనిచ్చారు. ఇటు తిప్పితే పాట పోయింది. అటు తిప్పితే వచ్చింది. పాప నాబ్‌ని చూసింది, స్పీకర్లని చూసింది, మళ్ళీ తిప్పింది. అదే వాళ్ళిద్దరి సాయంత్రం ఆటైంది. ఆయన ఆఫీసునుంచి వస్తూ ఇప్పుడు చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లెక్కేవారు.

కిటికీ బొంత మాత్రం నేను తీయలేదు. ఆ కిటికీ పక్క ప్లాటు వైపు ఉంది. ఆయన దాని మాట ఎత్తలేదు. సూట్‌కేసు కూడా మంచం కిందే, గౌన్లతో సహా ఉంది. దసరా వెళ్ళిపోయింది.

పక్క ప్లాటులో కంప్రెసర్ మొదలైన రోజు ఆయన సెలవు పెడతానన్నారు. వద్దన్నాను. పాప తట్టుకోలేకపోతే సాయంత్రం మమ్మల్ని స్టేషన్‌కి తీసుకెళ్దురుగాని అన్నాను. ఆయన చెప్పుల పట్టీలు పెట్టుకుంటూ చాలాసేపు వంగే ఉన్నారు.

మధ్యాహ్నం పాట చిన్నగా పెట్టి, పాపని నేల మీద కూర్చోబెట్టి, నేను అందేంత దూరంలో కూర్చున్నాను. వెంటనే ఎత్తుకోకూడదని నాకు నేను చెప్పుకున్నాను. బయట ఈల వినిపించింది. కిందనుంచి ఆంటీ, "బిడ్డా, జర పిల్లను పట్టుకో!" అని కేక పెట్టింది. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టి బిగించుకున్నాను.

గుద్దు మా గోడ కిందనుంచే వచ్చింది. రోలు తప్ప గదిలో అన్నీ కదిలాయి. పాప రెండు చేతులూ పైకి లేచాయి. కింది పెదవి ముందుకు వచ్చింది. నేను అప్పటికే సగం లేచాను.

పాప నా వైపు రాలేదు. చేతులు దించి స్పీకర్ల వంక కోపంగా చూసింది. లేచి, పడి, మళ్ళీ లేచి ముక్కాలిపీట దగ్గరికి వెళ్ళి నాబ్ పట్టుకుని చివరిదాకా తిప్పేసింది. పాట ఆగిపోయింది. చెవి పెట్టి వింది. ఇంకో గుద్దు రాలేదు. అప్పుడు నా వైపు తిరిగింది, ఇంత చిన్న పని మీకు తెలీదా అన్నట్టు.

"బిడ్డా! పిల్ల ఎట్లున్నది? పరేషాన్ అయిందా?" ఆంటీ కిందనుంచి అరుస్తోంది. నేను పలకలేదని ఇంకా గట్టిగా అరిచింది.

ఆ గదిలోంచి ఆవిడకి వినిపించాలంటే ఒకటే దారి. కిటికీ బొంత రెండు చేతులతో పట్టుకుని లాగాను. మేకులతో సహా ఊడి నా నెత్తిన పడింది. దాన్ని విదిలించుకుని, కిటికీ రెక్కలు తోసి, ఏడాదిగా గుసగుసలు తప్ప ఎరగని గొంతుతో కేక పెట్టాను.

"లేదాంటీ! వాల్యూమ్ తగ్గించింది!"

"ఏందీ?"

"పాప! గుండుకి వాల్యూమ్ తగ్గించింది!"

రోడ్డు మీద ఎర్రగుడ్డ అతను తలెత్తి చూసి, ఏం అర్థమైందో, నవ్వాడు. ఎండా, రాతిపొడీ, కంప్రెసర్ వాసనా ఒకేసారి గదిలోకి వచ్చాయి. నా కేకకి భయపడిందేమోనని గుర్తొచ్చి వెనక్కి తిరగబోయాను. ఈలోగా పాట మళ్ళీ మొదలైంది. వేలు అడ్డం పెట్టే నాన్న లేడు కాబట్టి, ఎప్పటికన్నా కాస్త గట్టిగానే.